పాఠకుల ప్రశ్నలు: మోనా గురించి ఎవరికి ఏం తెలుసు?

ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వార్దా 1985లో తీసిన ‘సాన్ త్వా ని ల్వా’ చిత్రం గురించి ఈ శీర్షికకు కొన్ని ఉత్తరాలు వచ్చాయి. ఇంగ్లీషు ప్రేక్షకులకు ఇది ‘వేగబాండ్’ అనే పేరుతో పరిచయం. ఇల్లూ వాకిలీ లేకుండా, వీపున ఒక సంచీ, గుడారం మోసుకుంటూ, దక్షిణ ఫ్రాన్సు ద్రాక్షతోటల నడుమ చలికాలంలో తిరిగిన మోనా అనే యువతి చివరి వారాల కథ ఇది. ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే చోట తడబడ్డాయి కనుక ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఈ ఒక్క చిత్రానికే కేటాయిస్తున్నాం. కథ ముగింపు ఈ జవాబుల్లో ఉంది. దాన్ని వార్దా కూడా దాచలేదు, మొదటి నిమిషాల్లోనే చెప్పేశారు.

ప్రశ్న: మొదటి దృశ్యంలోనే కథానాయిక శవాన్ని చూపించారు. ఆమె చనిపోతుందని తెలిసిన తర్వాత మిగిలిన గంటన్నర సినిమాను ఏ ఆసక్తితో చూడాలి? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: పొలంలో పనిచేసే ఒక కూలీకి గుంటలో చలికి కొయ్యబారిన శవం కనిపిస్తుంది. పోలీసులు వస్తారు, ఫొటోలు తీస్తారు, నలుగురినీ నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఏదో హత్య కేసు మొదలవుతోందని మనం సర్దుకుని కూర్చునేలోపే వాళ్ల పని అయిపోతుంది. అది సహజ మరణం, శవం కోసం ఎవరూ రాలేదు, అనాథలను పూడ్చే చోట పూడ్చిపెట్టారు. అప్పుడు ఒక స్త్రీ గొంతు వినిపిస్తుంది. అది వార్దా సొంత గొంతు. ఈమెను చిన్నప్పుడు ఎరిగినవాళ్లు ఇంకా తలుచుకుంటున్నారో లేదో గాని, ఈ చివరి చలికాలంలో ఈమె తారసపడినవాళ్లకు మాత్రం ఈమె గుర్తుందని ఆ గొంతు చెబుతుంది. పోలీసుల విచారణ ముగిసిన చోట సినిమా విచారణ మొదలవుతుంది.

కాబట్టి ఏం జరుగుతుంది అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఆమెను చూసినవాళ్లు ఏం చూశారు, చూసి ఏం చేశారు అన్నదే ప్రశ్న. సాక్షుల్లో కొందరు నేరుగా కెమెరా వైపు తిరిగి మాట్లాడతారు, కొందరు ఇంట్లో తమలో తాము మాట్లాడుకుంటారు. ఒకరి మాటకూ మరొకరి మాటకూ పొంతన కుదరదు. మూసి ఉన్న పెద్ద బంగళాలో మోనా, డేవిడ్ అనే మరో దిమ్మరి కుర్రాడు పక్కపక్కన నిద్రపోతుండగా చూసిన పనిమనిషి యోలాండ్, తన ప్రియుడు తనను అలా ఎన్నడూ పొదివి పట్టుకోలేదని బాధపడుతూ, దాన్ని గొప్ప ప్రేమకథగా మనసులో దాచుకుంటుంది. ఆ ఇద్దరినీ కలిపినవి కాస్త గంజాయి, కాస్త వెచ్చదనం, ఆ ఇంట్లో దొరికిన తిండి మాత్రమేనని మనకు తెలుసు. సాక్షి చెప్పినదానికీ మన కంటికి కనిపించినదానికీ మధ్య ఉన్న ఈ తేడాను వెతుక్కుంటూ చూడండి, గంటన్నర చాలదనిపిస్తుంది.

ప్రశ్న: మోనా ఇల్లు వదిలి ఎందుకు వచ్చేసింది? తల్లిదండ్రులెవరు? చివరిదాకా ఎదురుచూసినా చెప్పలేదు. ఇది స్క్రీన్‌ప్లేలో లోపం కాదా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: చెప్పింది చాలా తక్కువ అన్నమాట నిజం. ఆమె పూర్తి పేరు మోనా బెర్జెరోన్, సెక్రటరీగా పనిచేసింది, పై అధికారుల కింద ఉండటం పడక వదిలేసింది. సుమారుగా ఇంతే. బాల్యంలోకి తీసుకువెళ్లే ఫ్లాష్‌బ్యాక్ ఒక్కటి కూడా లేదు. ఈ చిత్రంలో వార్దా తీసుకున్న నిర్ణయాలన్నింటిలోకీ ధైర్యమైనది ఇదేనని నా నమ్మకం. తండ్రి కొట్టేవాడనో, ప్రియుడు మోసం చేశాడనో ఒక్క దృశ్యం పెట్టి ఉంటే మనకు ఎంతో ఊరటగా ఉండేది. కారణం తెలిసింది కనుక జాలిపడి, ఆ జాలితోనే ఆమె విషయం అక్కడికి ముగించేసేవాళ్లం. కారణం చెప్పకపోవడం వల్ల, ఆమె మన ఇంటి గుమ్మం ముందుకు వచ్చి నిలబడినప్పుడు ఎలా ఉంటుందో అలాగే తెర మీదా ఉంది. రొట్టె అడగడానికి వచ్చిన మనిషి తన జీవితచరిత్ర చెప్పాకే రొట్టె ఇస్తామా?

ఈ సినిమాను వార్దా నవలా రచయిత్రి నతలీ సరోత్‌కు అంకితమిచ్చారు. పాత్రకు పుట్టుపూర్వోత్తరాలు, ఆస్తిపాస్తులు, ఒక స్థిరమైన స్వభావం కట్టబెట్టే పాత నవలా పద్ధతిని సరోత్ అంగీకరించలేదు. మనుషుల మధ్య మాటలకు అందకుండా మెదిలే చిన్న చిన్న కదలికలే ఆమె రచనలకు వస్తువు. మోనాను అలాంటి రచయిత్రి చూసినట్టే వార్దా చూశారు. ఈ అంకితం మర్యాద కోసం ఇచ్చినది కాదని ఈ చిత్రాన్ని రెండోసారి చూస్తే అర్థమవుతుంది.

ప్రశ్న: నాకు మోనా మీద ఏమాత్రం అభిమానం కలగలేదు. అన్నం పెట్టినవాళ్లకు కృతజ్ఞత చెప్పదు, పని ఇస్తే చేయదు, స్నానం చేయదు. ఇలాంటి మనిషి కోసం ప్రేక్షకుడు ఎందుకు బాధపడాలి? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీకు అభిమానం కలగకపోవడం మీ తప్పూ కాదు, సినిమా తప్పూ కాదు. ఆమె నచ్చేలా చేయడానికి వార్దా ఎక్కడా ప్రయత్నించలేదు. ఆమె దగ్గర కంపు కొడుతుందని ఎదురైన ప్రతివాళ్లూ అంటారు. ఆమె వినీ విననట్టు ఊరుకుంటుంది. పేదవాళ్లను తెర మీద చూపించేటప్పుడు చాలామంది దర్శకులు వాళ్లకు సహనమో, మంచి మనసో, కన్నీళ్లో ముందుగానే ఇచ్చి పంపిస్తారు, మనం సులువుగా ప్రేమించడానికి. వార్దా ఆ వెసులుబాటు మనకు ఇవ్వరు. మంచివాళ్లయితేనే చలికి చావకూడదా అన్న ప్రశ్న దగ్గరికి మనల్ని తీసుకువెళ్లాలంటే వార్దాకు మరో దారి లేదు.

అయితే మీరు అడిగినదానిలో నాకు ముఖ్యమనిపించినది కృతజ్ఞత. సినిమాలో మోనాకు సాయం చేసినవాళ్లందరినీ ఒకసారి వరుసగా తలుచుకోండి. గ్యారేజీలో కార్లు కడిగే పనీ, గుడారం వేసుకునే చోటూ ఇచ్చినవాడు ఆమె శరీరాన్ని కూడా వాడుకుంటాడు. దాని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనవసరం లేదు. కష్టమైనది మేకలు కాచుకునే మనిషి ఉదంతం. అతను తత్వశాస్త్రం చదువుకున్నవాడు, పట్నాన్ని వదులుకుని భార్యాబిడ్డలతో కొండ మీద మేకలు పెంచుకుంటూ బతుకుతున్నాడు. మోనాలాగే లోకాన్ని కాదనుకుని వచ్చినవాడు, నిజంగా మంచివాడు. ఉండటానికి కారవాన్ (చక్రాల మీది చిన్న ఇల్లు) ఇస్తాడు, బంగాళాదుంపలు పండించుకోవాలని ఉందని ఆమె అంటే చిన్న నేల ముక్క కూడా ఇస్తాడు. ఆమె పార పట్టదు. కారవాన్‌లో పడుకుని సిగరెట్లు కాలుస్తుంది. అతనికి కోపం వస్తుంది. తన స్నేహితులు కొందరు రోడ్డు మీదే ఏమైపోయారో చెప్పి, ఒంటరితనం చివరికి మనిషిని తినేస్తుందని హెచ్చరిస్తాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఆమె చావు అతని మాటను నిజం చేసింది కూడా. అయినా ఆ సన్నివేశం చూస్తున్నంతసేపూ నాకు ఊపిరాడదు. ఎందుకంటే, స్వేచ్ఛ కావాలంటే నాలాగే ఉండాలి, నేను ఎంచుకున్న కష్టాన్నే నువ్వూ ఎంచుకోవాలి అన్న షరతు అతని మంచితనం లోపల ఉంది. ఆ షరతును మోనా ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడం బద్ధకమో, ఆత్మగౌరవమో తేల్చి చెప్పే వీలు సినిమా మనకు ఇవ్వదు.

దీని పక్కన అసూన్‌ను పెట్టి చూడండి. అతను ద్రాక్షతోటలో పనిచేసే ట్యునీషియా కూలీ. సంజాయిషీలేవీ అడగకుండా తన గదిలో చోటిస్తాడు, తీగలు ఎలా కత్తిరించాలో నేర్పుతాడు. అక్కడ మోనా పని చేస్తుంది. మేకలవాడి నేల మీద కదలని చేతులు ఇక్కడ కదిలాయన్న సంగతి చాలామంది గమనించరు. సెలవుకు వెళ్లిన మొరాకో కూలీలు తిరిగివచ్చి, తమ మధ్య ఒక ఆడపిల్ల ఉండటానికి వీల్లేదంటారు. అసూన్ వాళ్లను ఎదిరించలేడు, ఆమెను వెళ్లిపొమ్మనక తప్పదు. మోనా కోపంతో మండిపడేది అప్పుడే. మిగిలిన వాళ్ల దగ్గర ఆమె ఏమీ ఆశించలేదు కనుక కోపమూ రాలేదు. ఇక్కడ ఆశించింది. తర్వాత సాక్షిగా అసూన్ వంతు వచ్చినప్పుడు అతను ఒక్క మాట మాట్లాడడు. ఆమె మెడకు చుట్టుకున్న ఎర్ర గుడ్డను ముఖానికి ఆనించుకుని వాసన చూస్తాడు, కెమెరా వైపు చూస్తాడు. అందరూ ఏవగించుకున్న ఆ వాసనను దగ్గరకు తీసుకున్నవాడు సినిమా మొత్తంలో అతనొక్కడే.

ఇంకొక మనిషి ఉంది, ముసలావిడ లిడీ. కళ్లు సరిగా కనిపించవు, పెద్ద ఇల్లు, ఆ ఇంటి మీద మేనల్లుడి కన్ను. ఆవిడా మోనా కూర్చుని బ్రాందీ తాగి, పడీ పడీ నవ్వుకుంటారు. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఏమీ అడగలేదు. మోనా మనస్ఫూర్తిగా నవ్వగా మనం చూసేది అక్కడే. కృతజ్ఞత చెప్పని మనిషి అని మీరు రాశారు. ఆ నవ్వును మీరు ఏ ఖాతాలో వేస్తారో తెలుసుకోవాలని ఉంది.

ప్రశ్న: చెట్ల రోగాల మీద పరిశోధన చేసే ఆ మేడం కథకు అవసరమా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: చాలా అవసరం. మాషా మెరిల్ పోషించిన మదాం లాండియే చినారు జాతి చెట్లను పరిశోధించే శాస్త్రవేత్త. దక్షిణ ఫ్రాన్సు రోడ్ల కిరుపక్కలా, కాలువ గట్ల మీదా, ఊరి కూడళ్లలో నీడనిచ్చేవి ఈ చెట్లే. వాటికి సోకిన శిలీంధ్ర వ్యాధి కల్పన కాదు. రెండో ప్రపంచయుద్ధం చివరలో అమెరికా సైన్యం తెచ్చిన మందుగుండు పెట్టెల చెక్కతో పాటు ఆ శిలీంధ్రం మార్సెయ్ ప్రాంతంలో దిగి, అక్కడి నుంచి పాకింది. మందు లేని రోగం అది, సోకిన చెట్టును కొట్టి తగలబెట్టాల్సిందే. సినిమా వచ్చిన ఇరవై ఏళ్లకు, 2006లో, ప్రఖ్యాతమైన మిదీ కాలువ గట్ల మీద కూడా ఆ తెగులు బయటపడి, ఆ తర్వాతి సంవత్సరాల్లో వేల చెట్లను నరికేయవలసి వచ్చింది.

లాండియే మోనాను కారెక్కించుకుంటుంది. వాసన భరిస్తూనే తిండి పెడుతుంది, కబుర్లు చెప్పించుకుంటుంది, ఆ పిల్ల తెగువకు ముచ్చటపడుతుంది. చివరికి కొంత డబ్బూ తినడానికి కాస్తా చేతిలో పెట్టి అడవి అంచున దింపేసి వెళ్లిపోతుంది. ఆ అడవిలోనే మోనా మీద అత్యాచారం జరుగుతుంది. వార్దా దాన్ని చూపించరు, కెమెరా చెట్ల వైపు తప్పుకుంటుంది. కొన్నాళ్లకు స్నానాల గదిలో కరెంటు షాక్ కొట్టి చావు తప్పించుకున్న లాండియేకు, ఆ క్షణంలో కళ్ల ముందు మెదిలిన ముఖాల్లో మోనా ముఖమూ ఒకటి. ఆ పిల్లను ఎలాగైనా వెతకమని తన సహాయకుడు జాన్-పియేర్‌ను పంపుతుంది. అతనికి రైల్వే స్టేషన్లో మోనా కనిపిస్తుంది కూడా. కాని ఆమె వాలకం చూసి భయపడి, పలకరించకుండానే వెనక్కి తగ్గుతాడు. జబ్బుపడిన చెట్ల కోసం ఇంత శ్రద్ధ ఉన్నవాళ్లే మనిషి దగ్గరకు వచ్చేసరికి ఇలా ఆగిపోయారు. వాళ్లు క్రూరులు కాదు కనుకనే అది గుచ్చుకుంటుంది.

ప్రశ్న: మోనా నడిచే దృశ్యాల్లో కెమెరా ఆమె కోసం ఆగదు. మళ్లీ మళ్లీ ఇదే జరుగుతుంటే కావాలనే చేశారనిపించింది. (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: కావాలనే చేశారు. సినిమా పొడవునా పదికి పైగా పొడవైన ట్రాలీ షాట్లు (పట్టాల మీద కెమెరాను నడిపిస్తూ తీసేవి) ఉన్నాయి, అన్నీ కుడి నుంచి ఎడమకే కదులుతాయి. ఎడమ నుంచి కుడికి చదవడం అలవాటైన కంటికి అది ఎదురీత అని వార్దా స్వయంగా వివరించారు. కెమెరా ఏదో గోడ దగ్గరో పొలం దగ్గరో బయలుదేరుతుంది, దారిలో మోనా తగులుతుంది, కాసేపు కలిసి సాగుతారు, ఆమె వెనకబడుతుంది లేదా పక్కకు మళ్లుతుంది, కెమెరా తన దారిన పోయి ఏ తుప్పుపట్టిన వ్యవసాయ పనిముట్టు మీదో నిలుస్తుంది. తర్వాతి ట్రాలీ షాట్ పది నిమిషాల తర్వాత వచ్చినా, ముందటి షాట్ ఆగిన వస్తువుకు పోలిక ఉన్న మరో వస్తువుతో మొదలవుతుంది. విడివిడి సాక్ష్యాల కింద, పూసల కింది దారంలా, ఒకే నడక సాగుతోందన్నమాట. ఆ నడకకు మాత్రమే యోఆన్నా బ్రుజ్దోవిచ్ తీగవాద్యాల సంగీతం వినిపిస్తుంది. కొంచెం కరకుగా ఉండే ఆ సంగీతం మనల్ని ఏడవమని అడగదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ షాట్లను మాత్రం మరోసారి చూడండి.

ప్రశ్న: చివర్లో రంగు పూసుకుని ఆమె మీద పడే ఆ వింత మనుషులు ఎవరు? అది కలా, నిజమా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: నిజమే. మోంపెలియే దగ్గర కూర్నోంతెరాల్ అనే ఊళ్లో ఏటా యాష్ బుధవారం (క్రైస్తవుల ఉపవాసకాలం మొదలయ్యే రోజు) నాడు జరిగే వేడుక అది. పాయాస్ అని పిలిచే వేషగాళ్లు గడ్డి కుక్కిన గోనెసంచులు తొడుక్కుని, ద్రాక్షసారా అడుగున మిగిలే మడ్డిలో పొర్లి, ఎదురైనవాళ్లను తరిమి పట్టుకుని ఆ మడ్డి పూస్తారు. ఊరివాళ్లకు ఇది ఎరుకే కనుక ఆడేవాళ్లు ఆడతారు, మిగిలినవాళ్లు తలుపులు బిగించుకుంటారు. మోనా ఊరిదాకా వచ్చింది రొట్టె కోసం. ఏం జరుగుతోందో ఆమెకు చెప్పేవారు లేరు. తలదాచుకున్న టెలిఫోన్ బూత్‌లో కూడా ఆమెను వదలరు. అంతకుముందే ఒక అగ్నిప్రమాదంలో తన సామాను పోగొట్టుకున్న ఆమె, తడిసిన బట్టలతో చలిలోకి నడిచి గుంటలో పడిపోతుంది. మొదట్లో శవం మీద కనిపించిన మరకలు ఈ మడ్డివే. ఊరందరికీ పండుగ అయినది, ఆ ఊరి మనిషి కానందుకు ఆమెకు భయమైంది. ఇక్కడ ఎవరినీ దోషిగా నిలబెట్టలేం.

ప్రశ్న: ఇదే కథలో మోనా బదులు ఒక మగవాడు ఉంటే తేడా ఏముంటుంది? (ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: సాక్షుల భాష మారిపోతుంది. ఆమెను చూసిన మగవాళ్లలో చాలామందికి ముందుగా కలిగేది వాంఛో, కోపమో. కొందరు ఆడవాళ్లకు కలిగేది అసూయ. మోనాను చూసి వచ్చిన ఒక అమ్మాయి, ఇంట్లో భోజనాల దగ్గర, తనకూ అలా స్వేచ్ఛగా ఉండాలని ఉందంటుంది. మరి రాత్రికి తిండి ఎక్కడ తింటావని తల్లి అడుగుతుంది. ఆ రెండు మాటల్లోనూ న్యాయముంది.

చట్టం మాత్రం ఆడా మగా తేడా చూడలేదు. 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతి ప్రకారం స్థిరనివాసం, జీవనాధారం, అలవాటుగా చేసే వృత్తి, ఈ మూడూ లేనివాళ్లు దిమ్మరులు, దిమ్మరితనం నేరం. 1994లో కొత్త స్మృతి అమల్లోకి వచ్చేదాకా అది పుస్తకంలో ఉంది. అంటే మోనా నడిచిన నాటికి ఆమె నడకే నేరం. సినిమా ఫ్రాన్సులో విడుదలైనది 1985 డిసెంబరులో. నిరుద్యోగం పెరిగి, కొత్త పేదల గురించి అక్కడి పత్రికలు రాస్తున్న రోజులవి. హాస్యనటుడు కొలూష్ పిలుపుతో పేదలకు ఉచితంగా భోజనం పెట్టే ‘రెస్తో దు కర్’ కేంద్రాలు తెరుచుకున్నదీ సరిగ్గా ఆ చలికాలంలోనే. ప్రేక్షకులు థియేటరు బయట చూస్తున్నదే లోపలా చూశారు.

ప్రశ్న: మోనాగా నటించిన అమ్మాయి నిజంగా అలాంటి జీవితం గడిపినదేనా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: కాదు. సాండ్రీన్ బొనేర్ అప్పటికే పేరున్న నటి, అయితే వయసు ఇరవై కూడా దాటలేదు. ఈ పాత్రకు ఆమెకు 1986లో ఉత్తమనటిగా ఫ్రెంచి సినిమా పురస్కారం సేజార్ వచ్చింది. చిత్రానికి 1985 వెనిస్ ఉత్సవంలో అత్యున్నతమైన గోల్డెన్ లయన్ దక్కింది. మీకు అనుమానం రావడానికి కారణం చుట్టూ ఉన్నవాళ్లు. చాలా పాత్రల్లో వృత్తి నటులు కాని స్థానికులే కనిపిస్తారు. రోడ్డు మీద బతికిన ఒక యువతిని వార్దా కలుసుకుని, ఆమె అనుభవాలు విని, చిన్న పాత్ర కూడా ఇచ్చారు. యోలాండ్‌గా వేసిన యోలాండ్ మోరో మాత్రం నటే, తర్వాతి కాలంలో చాలా పెద్ద నటి అయ్యారు.

ప్రశ్న: వార్దా చిత్రాల్లో దీని తర్వాత ఏది చూడాలి? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: 2000లో వచ్చిన డాక్యుమెంటరీ ‘లే గ్లనర్ ఎ లా గ్లనజ్’ చూడండి. కోత అయ్యాక పొలంలో మిగిలిన బంగాళాదుంపలు, సంత ముగిశాక నేల మీద పడి ఉన్న కూరగాయలు ఏరుకుని బతికేవాళ్ల దగ్గరికి వార్దా చేతిలో ఇమిడే డిజిటల్ కెమెరాతో వెళ్లారు. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. మోనా ఎవరికీ చెప్పనివి, ఇక్కడ వాళ్లంతట వాళ్లే కూర్చుని చెబుతారు. అది నచ్చితే వెనక్కి వెళ్లి, 1955లో వచ్చిన, సెత్ పట్నపు జాలరిపేటలో తీసిన మొదటి చిత్రం ‘లా ప్వాంత్ కూర్త్’ చూడండి. యుద్ధకాలంలో ఆమె పెరిగిన ఊరు అది, మోనా తిరిగిన తోటలకు దూరం కాదు. 1962 నాటి ‘క్లెయో’ అందరూ ముందుగా చెప్పే పేరు, మంచి చిత్రమే, కాని మీరు వచ్చిన దారిలో అది మూడోది.